పాతపేటలో నేనొక టూరిస్టును

నేను పుట్టి పెరిగిన వీధిని చూడడానికి, అరవై ఏడేళ్ళ వయసులో, పేరు నమోదు చేసుకోవలసి వచ్చింది. తమిళనాడులోని కృష్ణగిరి పాతపేటలో చరిత్ర మీద ఇష్టమున్న కుర్రవాళ్ళు కొందరు ఆదివారాల్లో జనాన్ని వెంటబెట్టుకుని పాత ఇళ్ళు, గుళ్ళు, మసీదు, దుర్గం కొండ చూపిస్తారని మా అమ్మాయి సుజాత ఫోనులో చూసి చెప్పింది. "నీ ఊరే కదమ్మా, పోయిరారాదా? ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటావు" అంటూ తన నంబరు ఇచ్చి నా పేరు తానే రాయించింది. ఆ ఊళ్ళో ఇప్పుడు మాకెవరూ లేరు. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి మూడంతస్తులు లేపారని విన్నాను. ఇప్పుడు మేముండే హోసూరు నుంచి బస్సెక్కితే గంటంబావు ప్రయాణం, అయినా నలభై ఏళ్ళుగా ఆ వీధిలో అడుగు పెట్టలేదు. ఎవరి తలుపో తట్టి "నేను ఫలానా వాళ్ళ అమ్మాయిని" అని చెప్పుకునే ధైర్యం నాకు లేదు. టూరిస్టుగా అయితే ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు కదా అనిపించింది.

వెళ్ళడానికి అసలు కారణం మాత్రం సుజాతకు తెలియదు. అంతకు అయిదు నెలల ముందు, కళ్ళద్దాలు మార్చుకుందామని హోసూరులో ఒక కంటి ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. అద్దాల కోసం వెళ్ళినదాన్ని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఒక యంత్రంలో గడ్డం ఆనించమని, లోపల చుక్క వెలిగినప్పుడల్లా చేతిలో మీట నొక్కమన్నారు. నేను చాలాసేపు ఏమీ నొక్కలేదు. యంత్రం చెడిపోయిందేమో అనుకున్నాను. తర్వాత డాక్టరమ్మ ఒక కాగితం నా ముందు పెట్టి, తెల్లగా ఉన్నంత మేర మీకు కనిపిస్తుంది, నల్లగా ఉన్నది పోయింది అని చూపించింది. ఆ కాగితం మీద తెలుపు రూపాయి బిళ్ళంత ఉంది. కంటిలోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందట. పోయిన చూపు తిరిగి రాదట. ఉన్నదాన్ని నిలబెట్టడానికి రోజూ చుక్కల మందు వేసుకోవాలి, అదీ ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేనంది. ఇంకో మాట కూడా అంది. ఆ మాట రాయడానికి నాకింకా చెయ్యి రావడం లేదు. ముందుకు పోయాక రాస్తాను. ఇంటికి వచ్చి సుజాతతో "పవరు మారింది, అంతే" అన్నాను. చుక్కల సీసాను వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచుకున్నాను.

ఎందుకు దాచానంటే చెప్పడం సులభం కాదు. సుజాత భర్తతో పొసగక నా దగ్గరికి వచ్చి పదేళ్ళయింది. ఒక కంపెనీలో ఉద్యోగం, పొద్దున ఆరింటికి కంపెనీ బస్సు. నేను వండి డబ్బాలో పెట్టిస్తే తీసుకుని పరుగెత్తుతుంది. దానికి ఉన్న ఆసరా నేనొక్కదాన్నే. నేనే దాని చెయ్యి పట్టుకుని నడవవలసి వస్తే దాని బతుకేమవుతుంది? చూపులేని మనిషికి తోడుగా కట్టుబడి ఉండడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. పదేళ్ళ వయసులో నేను చేసిన పని అదే. దాన్ని ఎలా చేశానో కూడా నాకు తెలుసు. అందుకే నోరు రాలేదు. చూపు పూర్తిగా ఆరిపోకముందే పాతపేట ఒక్కసారి చూసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది.

మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, నాకు బుద్ధి తెలిసేసరికే చూపు లేని మనిషి. పొయ్యి పొగకు పోయిందని మా అమ్మ అనేది. అమ్మవారికి మొక్కు తప్పినందుకని పక్కింటివాళ్ళు అనేవారు. "మొదట పక్కలు పోయినాయి పాపా, ఆ పైన ఎదురు పోయింది" అని అవ్వ మాత్రం చెప్పేది. ఆ మాటకు అర్థం నాకు అయిదు నెలల కిందటే తెలిసింది. చూపు పోయినా ఆమె చేతులకు పేటంతా గిరాకీ ఉండేది. పాతపేటలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, మూడు నెలలు నిండేదాకా నీళ్ళు పోయడానికి మా అవ్వే కావాలి. హిందువులైనా సాయిబులైనా, మేడ ఇల్లయినా పూరిల్లయినా అంతే. పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, కాళ్ళు బారజాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకునేది. ఆముదం అరచేతుల్లో వేడెక్కేదాకా రుద్దుకుని, వెన్ను మీంచి పాదాల దాకా లాగేది. బిడ్డ ఏడుపు విని అది ఆకలో నిద్రో కడుపునొప్పో చెప్పేది. "ఈ బిడ్డకు ఎడమ తుంటి బిగువుగా ఉండాదమ్మా, ఇంకా పది దినాలు నూనె పెట్టల్ల" అంటే, తల్లులు డాక్టరు మాట విన్నట్టు వినేవారు. చివర్లో సాంబ్రాణి పొగ పట్టి, బిడ్డ నుదుటిని తన బుగ్గకు ఒకసారి ఆనించుకుని ఇచ్చేసేది. ముఖం చూడడం ఆమెకు అదే.

ఆ ఇళ్ళకు ఆమెను తీసుకుపోయేది నేను. అమ్మకు రెండు పాడి ఎనుములు, చంకలో తమ్ముడు. నాన్నకు బస్టాండు దగ్గర కుట్టుమిషను. మిగిలింది నేనే. తెల్లవారకముందే సంగటి ముద్దలో ఉచ్చెల్ల గింజల పొడి, నూనె వేసుకుని తిని బయలుదేరేవాళ్ళం. అవ్వ కుడిచెయ్యి నా ఎడమ భుజం మీద ఉండేది. వేలితో ఒకసారి తడితే మెల్లగా పొమ్మని, రెండుసార్లు తడితే ఆగమని. ఆ చేతికి ఆముదం, పసుపు, పసిబిడ్డల పాలవాసన కలిసి ఎప్పుడూ పోని వాసన ఒకటి ఉండేది. నా రవికె భుజానికి ఆ నూనె మరక ఎంత ఉతికినా పోయేది కాదు. వీధి మలుపులన్నీ ఆమెకు ముక్కుతోనే తెలుసు. పుట్నాలు వేయించే బట్టీ దాటితే ఎడమకు తిరగాలి. గానుగ చప్పుడుతో పాటు నూనె తీసిన చెక్క వాసన వస్తే మసీదు వీధి. మామిడికాయల కాలంలో మాత్రం ఊరంతా ఒకటే వాసన అయిపోయేది. అప్పుడామె నా భుజాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకునేది.

ఇదంతా ఇప్పుడు తలుచుకుంటే తియ్యగా ఉంది కానీ అప్పుడు నాకు నరకంగా ఉండేది. నాలుగిళ్ళు తిరిగి బడికి చేరేసరికి మొదటి గంట అయిపోయేది. అయ్యవారు బెంచీ ఎక్కించేవారు. తోటి పిల్లలు నాకు 'గుడ్డికోల', అంటే గుడ్డివాళ్ళ చేతికర్ర, అని పేరు పెట్టారు. ఆటకు పిలవాలన్నా ఆ పేరే, ఏడిపించాలన్నా ఆ పేరే. అయిదో తరగతిలో ఉండగా ఒక శనివారం బడివాళ్ళు మా తరగతి పిల్లలందరినీ దుర్గం కొండ ఎక్కిస్తామన్నారు. కొండ మా ఇంటి వెనకే ఉంది, అయినా నేను ఎక్కలేదు. ఆడపిల్లను ఒంటరిగా పంపేవారు కాదు, తీసుకుపోయేవారు లేరు. ఆ ముందురోజు రాత్రి నాన్నను అడిగాను. "అవ్వను ఎవురు తీసుకపోతారు? ఇంకో దినం పోదువులే" అన్నాడు. ఇంకో దినం అనేది రాదని నాకు తెలుసు.

ఆ పొద్దున రెండిళ్ళు అయ్యాక, మూడో ఇంటికి పోయే దారిలో, మెట్ల వైపు పోతున్న పిల్లల కేకలు వినిపించాయి. శెట్టి అంగడి ముందు రాతి తిన్నె ఉండేది. అవ్వను దానిమీద కూర్చోబెట్టాను. "ఈడే కూర్చో అవ్వా, బిరీన వచ్చేస్తాను" అన్నాను. "యాడికి పాపా?" అంది. జవాబు చెప్పకుండా పరుగెత్తాను. కొండ మీదికి ఎక్కిన తర్వాత నేను చూసినదాన్ని ఇన్నేళ్ళయినా మరచిపోలేదు. ఊరు బొమ్మల కొలువులా ఉంది. ఎర్ర పెంకుల ఇళ్ళు, వాటి మధ్య దారాల్లా వీధులు, ఊరు దాటాక మామిడి తోపులు, దూరంగా డ్యాము నీళ్ళు అద్దం ముక్కలా. భుజం మీద చెయ్యి లేకుండా నేను నిలబడడం అదే మొదలు. గంటో రెండు గంటలో, ఎంతసేపున్నామో తెలియదు. నిజం చెబుతున్నాను, అవ్వ అనే మనిషి ఒకతె ఉందని ఆ కాసేపు నాకు గుర్తే లేదు.

దిగి వచ్చేసరికి తిన్నె ఖాళీగా ఉంది. ఇంటి ముందు జనం. వీధి చివర కొత్తగా ఇల్లు కట్టడానికి తవ్విన పునాది గుంతలో అవ్వ పడింది. తుంటి ఎముక విరిగింది. నాన్న నా మీదికి చెయ్యెత్తితే, మంచం మీద నుంచి అవ్వ మూలుగుతూనే "దాన్ని కొట్టొద్దురా. నేనే ఇంటికి పొమ్మని పంపించినాను" అంది. అబద్ధం అందరూ నమ్మారనుకున్నాను. నేను కూడా అదే పట్టుకున్నాను. ఆ తర్వాత అవ్వ లేవలేదు. ఏ ఇంటికీ నీళ్ళు పోయలేదు. నడవలో మంచం మీద రెండేళ్ళు, ఎవరి ఇంట్లో బిడ్డ ఏడ్చినా అటు చెవి తిప్పుకుని పడుకునేది. పోవడానికి కొన్నాళ్ళ ముందు, నేను సంగటి కలిపి పెడుతుంటే, మెల్లగా అడిగింది. "కొండమీద నుంచి మనిల్లు అగుపడిందా పాపా?" "నేను కొండకు పోలేదవ్వా" అన్నాను. "సరేలేమ్మా" అని నోరు తెరిచింది. ముద్ద పెట్టాను. అవ్వ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ భారంతోనే ఆ ఆదివారం బస్సు దిగాను. పదిమందిమి కూడాం. బెంగళూరు నుంచి కెమెరాలతో వచ్చిన జంట ఒకటి, మిగతావాళ్ళు కాలేజీ పిల్లలు. మమ్మల్ని నడిపించే కుర్రవాడి పేరు మురళి. అందరికీ తమిళంలో చెబుతూ, నా చేతిలో తెలుగు పుస్తకం చూసి, "మా ఇంట్లోనూ తెలుగేనమ్మా, చదివేదానికే రాదు" అని నవ్వాడు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన పంతులమ్మనని చెప్పలేదు. ఈ ఊరిదాన్నని అసలే చెప్పలేదు. "ఇదివరకు ఈ పక్కకు వచ్చినారా?" అని అడిగితే "లేదు" అన్నాను. అంత సులభంగా వచ్చేసింది ఆ మాట.

రూపాయి బిళ్ళంత చూపుతో వీధిని చూడడం ఎలా ఉంటుందంటే, తలుపు సందులోంచి పెళ్ళి ఊరేగింపు చూసినట్టు ఉంటుంది. ఒక ముక్క చూసి, తల తిప్పి ఇంకో ముక్క చూసి, రెండూ మనసులో కుట్టుకోవాలి. ఎదురుగా మురళి తెల్లచొక్కా కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చే బండి కనిపించదు. రెండుసార్లు బండివాళ్ళు తిట్టారు. గానుగ ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి, బట్టీ ఉన్నచోట బ్యాంకు మిషను. ముక్కుతోనైనా పట్టుకుందామంటే వీధంతా పెట్రోలు, నూనెలో వేగుతున్న కోడిమాంసం తప్ప ఇంకే వాసనా లేదు. రేపు నా కళ్ళు పూర్తిగా పోతే ఈ వీధిలో అవ్వ నడిచినట్టు నేను పది అడుగులు కూడా నడవలేను. మా ఇల్లు ఉండిన చోట మురళి ఆగనేలేదు; అక్కడ చూపించడానికి ఏమీ లేదు. శెట్టి అంగడి దగ్గర మాత్రం ఆగాడు. అంగడి మారింది, తిన్నె అలాగే ఉంది. "వెనకటి దినాల్లో దారినపోయే వాళ్ళు దీనిమీద కూర్చుని అలుపు తీర్చుకునేవాళ్ళు" అని వివరించాడు. పిల్లలు కూర్చుని ఫోటోలు తీసుకున్నారు. "మీరూ కూర్చోండమ్మా" అని ఒక అమ్మాయి చెయ్యి పట్టింది. "వద్దమ్మా" అన్నాను.

అక్కడ నుంచి మసీదు వీధిలో ఒక పాత ఇంటికి తీసుకుపోయాడు. చెక్క స్తంభాలు, మధ్యలో పైకప్పు లేని ముంగిలి. ఇంటావిడ మెహరున్నిసా, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అందరికీ టీ ఇచ్చి, తమిళంలో మొదలుపెట్టి, నేనూ మురళీ తెలుగు మాట్లాడడం విని తెలుగులోకి దిగింది. ఆమె అమ్మ దగ్గరికి మేము ఎన్ని పొద్దులు వచ్చామో! ఆ ముంగిట్లోనే అవ్వకు పీట వేసేవారు. నేను తల వంచుకుని గోడవారన కూర్చున్నాను.

"ఈ ఇంట్లో మేము ఏడుగురం పుట్టినామమ్మా. ఏడుగురికీ నీళ్ళు పోసింది ఒగ గుడ్డి అవ్వ. పేటలో సగం మంది ఆమె కాళ్ళమీద పడుకున్నోళ్ళే" అంది మెహరున్నిసా.

బెంగళూరు అమ్మాయి ఉత్సాహంగా, "కళ్ళు లేకుండా ఎలా వచ్చేది?" అని అడిగింది.

"మనవరాలు ఉండేది, ఇంత పిల్ల. అదే తీసుకొచ్చేది. ఒగ దినం ఆ పాప అవ్వను శెట్టి అంగడి తిన్నెమీద కూర్చోబెట్టేసి కొండకు ఎక్కిపోయింది. ఎండ తలమీదికొచ్చేసింది. అంగడాయన నీళ్ళిస్తే తాగలేదు. 'నా పాప వస్తుంది, వచ్చినాక తాగుతాను' అనింది. మధ్యాన్నం దాటినాక ఇంక కూర్చోలేక లేచేసింది. 'నా పాపను చూసినారా, నా పాపకు ఏమయిందో చూడండప్పా' అని ఏడ్చుకుంటా వీధి వీధి తిరిగింది. మా అమ్మ చెయ్యి పట్టుకొని నిలిపితే విదిలించుకొని పోయింది. ఆడ, ఆ చివర గుంతలో పడింది."

నేను ఇన్నేళ్ళూ మోసుకొచ్చిన కథలో అవ్వ కూర్చుని కూర్చుని విసిగి ఇంటికి పోతూ పడింది. అరవై ఏళ్ళకు దగ్గర పడుతోంది, నన్ను వెతుకుతూ పడిందని నాకెవరూ చెప్పలేదు.

"ఊరివాళ్ళు ఆ పాపను ఏమీ అనలేదా?" అని ఇంకెవరో అడిగారు.

"ఎట్ల అంటారు? అవ్వ మంచం మీద నుంచి ఇంటింటికీ చెప్పి పంపింది. 'నా పాపను ఎవురూ ఒగ మాట అనొద్దండి. దానికి కండ్లుండాయి కదా, చూడొద్దా అది?' అని. మా అమ్మతో ఒట్టు పెట్టించుకొనింది. పేటంతా నోరు మూసుకొనింది." మెహరున్నిసా ఖాళీ గ్లాసులు తీసుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగింది. "ఆ పాప చదువుకొని టీచరయిందంట, హోసూరు పక్క. మళ్ళీ ఈ వీధికి రానేలేదు. ఇంకొంచెం టీ పోయనా అమ్మా?"

ఆ మనిషి నేనేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం జన్మలో రాదు. నేను గ్లాసు ఆమె చేతికిచ్చి "చాలమ్మా" అన్నాను.

బయటికి వచ్చాక మురళి కొండ మెట్ల దగ్గరికి నడిపించాడు. "పెద్దవాళ్ళు ఈడే నీడలో కూర్చోండి, మేము అర్ధగంటలో వచ్చేస్తాం" అని పిల్లలను తీసుకుని ఎక్కేశాడు. నేను కూర్చోలేకపోయాను. ఆ ఇంట్లో విన్న మాటలు ఒంటికి నిప్పంటుకున్నట్టు ఉన్నాయి. ఎక్కడికైనా పోవాలి. ముందు మెట్లు ఉన్నాయి, ఎక్కడం మొదలుపెట్టాను. ఎక్కేటప్పుడు ఇబ్బంది లేదు, పాదమే మెట్టును వెతుక్కుంటుంది. ఎన్ని ఎక్కానో తెలియదు. మెట్లు అయిపోయి నున్నటి బండ వచ్చింది. పిల్లల మాటలు పైనెక్కడో వినిపించి ఆగిపోయాయి. ఊపిరి తీసుకుందామని వెనక్కి తిరిగాను.

కింద ఏమీ లేదు. ఎండలో రాయంతా ఒకే తెలుపు. ఎక్కి వచ్చిన మెట్లు ఎక్కడ మొదలవుతాయో, బండ ఎక్కడ తెగిపోతుందో గీత లేదు. కాలు ముందుకు చాపి తడిమాను, నేల తగల్లేదు. గబుక్కున కూలబడ్డాను. సంచిలోంచి ఫోను తీస్తే ఆ వెలుతుర్లో నల్లటి పలక తప్ప ఏమీ కనిపించలేదు. "మురళీ" అని అరిచాను. రెండోసారి అరిస్తే గొంతు పగిలింది. ఎవరూ రాలేదు. ఎండ నడినెత్తిన ఉంది. అవ్వ తిన్నెమీద కూర్చున్నదీ ఇదే ఎండ. ఇంకొక్క అడుగు ముందుకు వేస్తే ఎవరికీ భారం కాకుండా అయిపోతుంది కదా అనే ఆలోచన వచ్చింది. అది వచ్చిందని దాచి రాయడం నాకిష్టం లేదు. రెండు చేతులతో బండను పట్టుకున్నాను. "వచ్చినానవ్వా" అన్నాను పైకే. "ఆ పొద్దు కొండకే వచ్చినాను. మనిల్లు అగుపడింది." చెప్పవలసిన మనిషి లేని చోట ఆ నిజానికి ఏ విలువా లేదు. అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు.

మేకల గిట్టల చప్పుడు వినిపించింది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. "ఎవురమ్మా అది? ఎండలో యాల కూర్చున్నావు? జతకు ఎవురూ రాలేదా?"

"దిగలేకుండా ఉండాను" అన్నాను. నా నోట ఆ ఊరి మాట తనంతట తానే వచ్చింది.

"కాళ్ళు నొప్పా?"

"కాదు. కండ్లు అగుపడవు."

అయిదు నెలల్లో మొదటిసారి ఆ మాట బయటికి అన్నాను, అదీ ముఖం కూడా తెలియని మనిషితో. ఆమె జాలి పడలేదు, ఆశ్చర్యపోలేదు. "అట్ల చెప్పు మరి" అంది. పేరు మునెమ్మట, కొండ వెనక పల్లెలో ఉంటుందట. నన్ను లేపి, తాను ఒక మెట్టు కింద నిలబడి, నా రెండు చేతులూ పట్టుకుని వెనక్కి వెనక్కి దిగింది. "ఇది పొట్టి మెట్టు. ఇది పగిలుండాది, ఎడమ కాలు పెట్టు. ఈడ నిలుచుకో, మేక అడ్డమొచ్చింది." దిగినంతసేపూ మాట ఆపలేదు. కింద మురళి చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. పిల్లలతో ఇంకో దారిన దిగి, నేను లేకపోవడం చూసి, నమోదు చేసిన నంబరుకు ఫోను చేసేశాడు. మునెమ్మ వాడి మీద గట్టిగా అరిచింది. "ఈయమ్మకు కండ్లు అగుపడవంట. ఇట్ల విడిచిపెట్టేసి పోతారా?"

"నాకు చెప్పలేదే అమ్మా మీరు" అన్నాడు మురళి. తప్పు వాడిది కాదని చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది.

సుజాత బాడుగ కారు మాట్లాడుకుని వచ్చింది. మురళి ఆమెకు అంతా చెప్పేశాడు. కారు సగం దారిలో శూలగిరి దాటింది. "కండ్లు అగుపడవంటే ఏమమ్మా?" అని సుజాత అప్పుడు అడిగింది. చెప్పాను. యంత్రం, కాగితం, బియ్యం డబ్బా వెనక సీసా. అవ్వ సంగతీ చెప్పాను. చివరికి, ముందు రాయకుండా వదిలేసిన డాక్టరమ్మ మాట కూడా చెప్పాను. ఈ జబ్బు వంశంలో వస్తుంది, నొప్పి ఉండదు, తెలిసేసరికి సగం పోతుంది, మీ పిల్లలను వెంటనే తీసుకొచ్చి చూపించండి అని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

సుజాత నావైపు తిరిగింది. "ఐదు నెల్లు! నా కండ్లు పోయినా ఫర్వాలేదనుకున్నావా?"

"నీకు భారమవుతానని..."

"భారమా? నువ్వు నాకు చెప్పకుండా ఉండేదే భారం. నేను దినమూ కంప్యూటరు ముందర కూర్చుంటాను, తలనొప్పి అని నీతోనే చెప్తాను. విని కూడా ఊరికే ఉన్నావా అమ్మా?"

దానికి తలనొప్పి వచ్చిన ప్రతిసారీ డాక్టరమ్మ మాట గుర్తుకొచ్చేది. ఆ మాట చెప్పడానికి లేచి, అంటే నా సంగతీ చెప్పాలి కదా అని మళ్ళీ కూర్చునేదాన్ని. నా గుట్టు కోసం నా బిడ్డ చూపును పణంగా పెట్టాను. అవ్వకు ఈ జబ్బు పేరు తెలియదు, మందు లేదు, యంత్రం లేదు. ఉన్నదల్లా ఒక వీధి. ఆ వీధిలో నీళ్ళిచ్చేవారు, చెయ్యి పట్టుకుని నిలిపేవారు, ఒట్టు వేసి నోరు మూసుకునేవారు ఉన్నారు. నాకు యంత్రం ఉంది, మందు ఉంది, డాక్టరమ్మ చెప్పిన మాట ఉంది. అన్నీ ఉండీ నేను చేసింది దాచడం. పదేళ్ళ పిల్ల ఆటకోసం చేసినదాన్ని అవ్వ క్షమించింది. అరవై ఏడేళ్ళ మనిషి తెలిసి తెలిసి చేసినదాన్ని ఎవరు క్షమించాలి?

మంగళవారం సుజాత సెలవు పెట్టింది. అదే ఆసుపత్రి, అదే చీకటి గది. నన్ను తెర ఇవతల బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల సుజాత మీట నొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. టక్. కాస్త ఆగి, టక్, టక్. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా అటు చెవి తిప్పుకునేదాన్ని. చుక్క వెలగలేదా, వెలిగినా దానికి కనిపించలేదా? ఒకసారి చాలాసేపు ఏ చప్పుడూ లేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. మళ్ళీ టక్‌మంది.

తర్వాత చుక్కలు వేసి కంటిపాపలు పెద్దవి చేసి చూశారు. డాక్టరమ్మ కాగితం బల్లమీద పెట్టింది. నేను దగ్గరగా వంగి చూశాను. దాదాపు అంతా తెలుపే. కుడికంటి కాగితంలో మాత్రం ఒక అంచున గోరంత నలుపు ఉంది. మొదలైంది, అయితే మొదట్లోనే దొరికింది, మందు మానకుండా వేసుకుంటే ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు అంది. అయిదు నెలల ముందు వచ్చి ఉంటే ఆ గోరంత ఉండేదా అని నేను అడిగాను. "ఆ మాట ఎవరూ చెప్పలేరమ్మా" అంది ఆమె, కాగితం మడుస్తూ. ఇక నేను బతికినన్నాళ్ళూ ఆ మాట ఎవరూ చెప్పలేరు.

బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఆటోలు ఆగేది రోడ్డుకు అవతల. ఫ్యాక్టరీ బస్సులు, లారీలు ఎడతెగకుండా పోతున్నాయి. సుజాత గుమ్మం దగ్గరే ఆగిపోయి అరచేతులతో కళ్ళు మూసుకుంది.

"అమ్మా, వెలుతురు పొడుస్తా ఉండాది. నాకు ఏమీ తెలియడం లేదు. యాడుండావు?"

"ఈడే ఉండాను" అని దాని మణికట్టు పట్టుకున్నాను.

రోడ్డు అంచుకు వచ్చాం. నా చూపుకు అందే ఆ కాస్త బిళ్ళను కుడివైపు తిప్పాను, ఎడమవైపు తిప్పాను, మళ్ళీ కుడివైపు తిప్పాను. ఒక లారీని పోనిచ్చాను. దాని వెనక బస్సును పోనిచ్చాను. సుజాత చెయ్యి చెమటతో తడిసి ఉంది, నాదీ అంతే.

"ఇప్పుడు నడువు" అన్నాను.

కళ్ళు తెరవకుండానే సుజాత నడిచింది.